షుగర్ ఉన్నంత మాత్రాన కిడ్నీ దెబ్బ కూడా షుగర్‌దేనా?

తణుకు అబ్బాయి:
నాన్నగారికి 61. షుగర్ బయటపడి మూడేళ్లే, మాత్రలతో అదుపులోనే ఉంది. కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం క్రియాటినిన్ రక్తంలో పోయినేడు 1.1, ఇప్పుడు 2.1. కిడ్నీలు ఎంత వడకడుతున్నాయో చెప్పే ఈజీఎఫ్ఆర్ 35 అని రాశారు. డాక్టరుగారు "షుగర్ ఉంది కదా, దానివల్లే" అనేశారు. ఇంత తొందరగా పాడవుతాయా? మీ ఇళ్లలో ఎవరికైనా ఇలా జరిగిందా?

హన్మకొండ అక్క:
మా అమ్మకు ఇరవై ఏండ్ల సంది షుగరు. ఆమెకు మొదలు కండ్ల డాక్టరే చెప్పిండు, రెటీనా దెబ్బతిన్నదని. తర్వాత మూత్రంల నురుగు, అల్బుమిన్ అనే ప్రోటీన్ ఏడాదికేడాది పెరుగుకుంట వచ్చింది. క్రియాటినిన్ కదిలింది ఆఖరుకు. షుగర్ కిడ్నీ ఎక్కువగ గిట్లనే నిదానంగ వస్తది. మీ నాన్నకు కండ్లు చూపించిన్రా? మూత్రంల అల్బుమిన్ ఎంతున్నది?

ల్యాబ్ బాబాయ్:
అల్బుమిన్ అంటే పుల్ల ముంచి చూసేది కాదమ్మా, ఏసీఆర్ అడగండి, మూత్రంలో అల్బుమిన్‌ని క్రియాటినిన్‌తో పోల్చి లెక్కగట్టే పరీక్ష. 30 లోపు మామూలు, 300 దాటితే బాగా పోతున్నట్టు. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు చేయిస్తే ఊరికే ఎక్కువ చూపిస్తుంది. అందుకే ఒక్క రిపోర్టుతో తేల్చరు, మూడు నుంచి ఆరు నెలల్లో మూడుసార్లు చేస్తే రెండుసార్లన్నా ఎక్కువ రావాలి. మూత్రాన్ని మైక్రోస్కోపు కింద కూడా చూడమనండి. ఎర్రకణాలు ఎక్కువుంటే షుగర్ ఒక్కటే కాదేమోనని అనుమానించాలి.

తణుకు అబ్బాయి:
ఏసీఆర్ 22 అండీ. రెటీనా శుభ్రంగా ఉందన్నారు.

కవిటి కుర్రోడు:
అన్నా, మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. ఇక్కడ షుగరూ బీపీ లేనోళ్లకే కిడ్నీలు పోతున్నాయి. మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోదు, మొదట్లో వాపులూ ఉండవు, క్రియాటినిన్ మాత్రం పెరిగిపోతుంది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి ప్రారంభించారు. నీళ్లంటారు, ఎండలో చాకిరీ అంటారు, ఇదీ కారణం అని మాత్రం తేలలేదు. మా పెదనాన్నకి షుగర్ కూడా ఉంది. అందరూ దానిమీదకే తోసేశారు. విశాఖలో కిడ్నీ డాక్టరొకాయన మాత్రం ఏ ఊరు, ఏం పని, షుగర్ ఎప్పుడొచ్చింది అని పావుగంట అడిగాడు. షుగర్ రాకముందు రిపోర్టుల్లోనే క్రియాటినిన్ ఎక్కువుందని అప్పుడు బయటపడింది. పాత కాగితాలు పారేయకండి.

ఒంగోలు గిత్త:
మోకాళ్ల నొప్పులున్నాయా? మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ నెలల తరబడి మింగేవాళ్లు మా వీధిలోనే నలుగురున్నారు. అడిగితే "ఏ మందులూ వాడట్లేదు" అంటారు, వాళ్ల లెక్కలో నొప్పి మాత్ర మందే కాదు! నాటు వైద్యుడిచ్చే పొడులూ అంతే, కొన్నిట్లో పాదరసం ఉంటుంది.

డల్లాస్ వదిన:
మావారిది పూర్తిగా వేరే కథ. షుగర్ కొత్త, ఉన్నట్టుండి కాళ్లు వాచిపోయాయి, ప్రోటీన్ విపరీతంగా పోయింది. కళ్లు బాగానే ఉన్నాయి. బయాప్సీ చేస్తే మెంబ్రేనస్ నెఫ్రోపతీ అని, కిడ్నీలో వడపోత పొర దెబ్బతినే వేరే జబ్బని తేలింది, దాని మందులే వేరు. బయాప్సీ అనగానే భయపడతారు గానీ స్కానింగ్‌లో చూస్తూ సూదితో చిన్న ముక్క తీస్తారంతే. రక్తం కారే ముప్పు కొంత ఉంటుంది, ఆస్పిరిన్ లాంటివి వాడుతుంటే ముందే చెప్పాలి. షుగర్ ఉన్న ప్రతివాళ్లకీ అవసరం లేదు. మీ నాన్నగారికి ప్రోటీన్ పోవట్లేదు కాబట్టి ముందు చూడాల్సినవి వేరే ఉన్నట్టున్నాయి.

తణుకు అబ్బాయి:
నొప్పి మాత్రలు లేవండీ. రాత్రిళ్లు నాలుగైదుసార్లు లేస్తారు, ధార సన్నగా వస్తుందట. "షుగర్ ఉన్నోళ్లకి మామూలేరా" అని ఆయనే కొట్టిపారేస్తున్నారు.

ల్యాబ్ బాబాయ్:
అదేం మామూలు బాబూ! రేపే స్కానింగ్ చేయించు. మూత్రం పోసొచ్చాక సంచిలో ఎంత మిగిలిందో కూడా కొలవమను. ప్రోస్టేట్ అడ్డుపడొచ్చు, షుగర్ వల్ల నరాలు దెబ్బతిని సంచి ఖాళీ అవకపోవచ్చు. ఎలాగైనా వెనక్కి తన్నేది కిడ్నీలనే.

తణుకు అబ్బాయి:
చేయించామండీ. ప్రోస్టేట్ పెద్దదైంది, 400 మి.లీ. పైనే మిగిలిపోతోంది, రెండు కిడ్నీలూ ఉబ్బాయి. మూత్రం బయటికి పోవడానికి గొట్టం వేశారు. క్రియాటినిన్ 1.6కి దిగి అక్కడే ఆగింది. ఆ మిగిలింది అడ్డు వల్ల జరిగిన నష్టమా, బీపీయా అన్నది యూరాలజీ, కిడ్నీ డాక్టర్లు ఇద్దరూ కలిసి చూస్తామన్నారు. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ సగానికి తగ్గించారు.

హన్మకొండ అక్క:
మంచిగైంది తమ్మీ. ఇంకోటి యాదికుంచుకో, మందులు మార్చకుండనే షుగర్ ఊకె పడిపోతుంటే సంబరపడకు. మా అమ్మకు ఇన్సులిన్ తగ్గించుకుంట పోయిన్రు, చుట్టాలు ఆకు కషాయం పనిచేసిందన్నరు. కిడ్నీ పనిచేయక ఇన్సులిన్ ఒంట్లనే నిలిచిపోతున్నదట!

తణుకు అబ్బాయి:
సరే అక్కా. బాబాయ్, ఏసీఆర్ ఇంకోసారి ఇప్పుడే చేయించనా?

ల్యాబ్ బాబాయ్:
గొట్టం ఉండగా వద్దు. దాని ఒరిపిడికి రక్తం, ఇన్ఫెక్షన్ ఉంటాయి, లెక్క తప్పొస్తుంది. తీసేసి, ఇన్ఫెక్షన్ క్రిములున్నాయేమో చూసే మూత్రం కల్చర్ పరీక్ష శుభ్రంగా వచ్చాక పొద్దున లేవగానే పోసిన మొదటి మూత్రం పట్రండి.