ఒక్కపొద్దు అని రాయొచ్చా, ఉపవాసం అనే రాయాలా?

కడప నుంచి, ప్రశ్న అడిగినవారు:
తపస్సు కాలం (ఈస్టర్ ముందు వచ్చే లెంట్) కోసం మా కథోలిక విచారణలో (అంటే మా చర్చి సంఘంలో) యువతకు ఒక కరపత్రం తయారుచేస్తున్నాం. చర్చి క్యాలెండరులో ఏ కాలంలో ఏ సుగుణాన్ని సాధన చేయాలనేది అందులో విషయం. తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం నియమం రాసేచోట నేను ‘ఒక్కపొద్దు’ అని రాశాను. చదివిన పెద్దాయన ఒకరు దాన్ని కొట్టేసి ‘ఉపవాసం’ అని దిద్దారు. ఒక్కపొద్దు శనివారం వెంకటేశ్వరస్వామికి ఉండేది, కాదంటే రంజాన్‌లో ఉండేది, మనది కాదు అన్నారు. మా అవ్వ మాత్రం బతికినంతకాలం ఒక్కపొద్దు అనే అనింది. ఏది సరైందంటారు?

నంద్యాల నుంచి:
ఉపవాసమే రాయండి అన్నా. బైబిల్లో ఉన్న మాట అదే. ఉప అంటే దగ్గర, వాసం అంటే ఉండడం. దేవుని దగ్గర ఉండడం అని ఎంత బాగా అర్థమొస్తుంది! ఒక్కపొద్దులో ఏముంది, తిండి లెక్క తప్ప?

ప్రొద్దుటూరు నుంచి:
ఉపవాసం అని రాస్తే మా పిల్లోళ్లకు టెన్షన్. నీళ్లు తాగొచ్చా, టీ తాగొచ్చా అని గుడి మెట్లమీదే మొదలుపెడతారు.

అనంతపురం నుంచి, తెలుగు చెప్పే టీచరు:
నంద్యాల అన్న చెప్పిన ఉప-వాసం వివరణ ప్రసంగానికి బాగుంటుంది. కానీ జనం ఆ మాటను అలా వినరు. ‘నిన్నంతా ఉపవాసమే’ అన్నామంటే పస్తున్నామనే అర్థం చేసుకుంటారు.

ఇక పొద్దు. పాత రూపం ప్రొద్దు. సూర్యుడికీ, పగటికీ, వేళకూ అదే మాట. పొద్దు పొడిచింది అంటే సూర్యుడు, పొద్దుపోయింది అంటే వేళ. ఒక్కపొద్దు ఉండడమంటే రోజులో ఒక్క వేళ తిని ఉండడం. తిండి లెక్కే కదా అన్నారు, నిజమే. చర్చి నియమం కూడా తిండి లెక్కే మరి. విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే), ఈ రెండు రోజులు 18 నిండినవాళ్లు 59 నిండేదాకా కడుపునిండా ఒక్కపూటే తినాలి. తక్కిన వేళల్లో అక్కడి ఆచారాన్నిబట్టి కొంచెం ఏదైనా తీసుకోవచ్చు. మాంసం మానడం 14 నిండినప్పటి నుంచే. నీళ్లకు అడ్డే లేదు, ప్రొద్దుటూరు పిల్లోళ్లకు చెప్పండి.

వెనక్కి పోతే ఇంకా దగ్గరగా సరిపోతుంది. తొలి శతాబ్దాల్లో తపస్సు కాలమంతా రోజుకు ఒక్కసారే, అదీ పొద్దు గూకినాక తినేవాళ్లు. కాలక్రమంలో ఆ భోజనం మధ్యాహ్నానికి జరిగింది, రాత్రికి చిన్న ఫలహారం వచ్చి చేరింది. 1966లో 6వ పౌలు పోపుగారు తప్పనిసరి రోజుల్ని ఆ రెండింటికి తగ్గించారు. అంటే మీ అవ్వ తరం ఆ పాత పద్ధతిని చూసినవాళ్లు. వాళ్లకు ఒక్కపొద్దు అనే మాట ఊరికే రాలేదు.

ఇక ‘మనది కాదు’ అనే మాట నాకు మింగుడుపడలేదు. తపస్సు, విభూది, పూజ, ప్రసాదం, గురువులు (మన ఫాదర్లు), ఇవన్నీ ఎక్కడివి? వీటన్నిటినీ ఇంట్లోకి రానిచ్చి ఒక్కపొద్దును గడప బయట నిలబెడతామా? 2025లో మార్చి 2న రంజాన్ ఒక్కపొద్దులు మొదలైతే 5న విభూది బుధవారం వచ్చింది. కడపలో ఒకే వీధిలో రెండిళ్లవాళ్లూ ఒక్కపొద్దులే. అదే నెల 30న ఉగాది. అది తపస్సు కాలంలో నాలుగో ఆదివారం, గురువులు గులాబీరంగు వస్త్రాలు వేసుకోగలిగే రోజు. తపస్సు కాలమంతా ఒక్కపొద్దు ఉండేవాళ్లు కూడా, ఆదివారం కాబట్టి పక్కింటి ఓళిగలు తిన్నా నియమం తప్పినట్టు కాదు. విభూది బుధవారం నుంచి పాస్కా (ఈస్టర్) ముందు శనివారం దాకా 46 రోజులు, అందులో ఆరు ఆదివారాలు తీసేస్తేనే 40.

కర్నూలు నుంచి:
అక్కా, అంతా బాగుంది. కానీ కరపత్రం సుగుణాల గురించి కదా. ఒకపూట తిండి తగ్గిస్తే ఏ సుగుణం వస్తుంది?

అనంతపురం టీచరు:
నిగ్రహం. ఒక్కరోజుకు రాదు తమ్ముడూ. 1992లో వెలువడిన కథోలిక సత్యోపదేశం (చర్చి అధికారిక బోధన గ్రంథం) సుగుణమంటే మేలు చేయడానికి స్థిరపడిన స్వభావం అంటుంది. స్థిరపడాలంటే మళ్లీ మళ్లీ చేయాలి, అందుకే ఏటా అవే కాలాలు తిరిగి వస్తాయి. క్రిస్మస్ ముందు వచ్చే ఆగమన కాలంలో నాలుగు ఆదివారాలు ఎదురుచూడడం, అంటే ఓపిక, నిరీక్షణ. తపస్సు కాలంలో ప్రార్థన, ఉపవాసం, దానం మూడూ కలిసి నడవాలి. మిగిల్చిన పూట ఇంకొకరి కంచంలోకి పోకపోతే అది డైటింగే, మొహమాటం లేకుండా చెప్తున్నా. పాస్కా కాలం 50 రోజులు, పెంతెకోస్తు (పవిత్రాత్మ దిగివచ్చిన పండగ) దాకా సంతోషం. ఆ తర్వాత నెలలకొద్దీ సామాన్య కాలం, ఆకుపచ్చ వస్త్రాలు. మార్చిలో అణచుకున్న నోరు జులైలో కూడా అణిగి ఉందా లేదా అనేది అక్కడ తేలుతుంది. మీ కరపత్రంలో ఆ కాలానికి ఒక్క వాక్యమే ఇచ్చి ఉంటారని నా అనుమానం.

కడప నుంచి, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, ప్రొటెస్టంట్ సంఘం) సభ్యురాలు:
మీ తపస్సు కాలాన్ని మేము శ్రమకాలం అంటాం, మా దగ్గర ఉపవాస ప్రార్థన అనేదే వాడుక. ఒక చిన్న సంగతి. ఉపవాసముంటే ముఖం వేలాడేసుకోవద్దని ప్రభువు చెప్పిన చోట (మత్తయి 6) మా పాత బైబిల్లో ‘తల అంటుకొని’ అని ఉంది. తలంటు పండగనాడు కదా పోసుకునేది! ఆకలిగా ఉన్న రోజు పండగ ముఖంతో తిరగమని. నిగ్రహం పక్కన వినయం కూడా రాసుకోండన్నా.

కడప నుంచి, ప్రశ్న అడిగినవారు:
సామాన్య కాలానికి నిజంగానే ఒక్క వాక్యం ఇచ్చాం అక్కా, పెంచుతాను. నియమం ఇలా రాస్తున్నా: ‘విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం ఒక్కపొద్దు. కడుపునిండా ఒక్కపూట. నీసు లేదు. జబ్బుపడినవాళ్లకు నిర్బంధం లేదు.’ సువార్త వాక్యం దగ్గర ఉపవాసం అలాగే ఉంచుతా, పెద్దాయన కూడా ఒప్పుకుంటారు. ఇంకొక్కటి: ఒక్కపొద్దు ‘ఉండండి’ అనాలా, ‘పట్టండి’ అనాలా?

ప్రొద్దుటూరు నుంచి:
మా వైపు రెండూ అంటారు. నేనైతే ‘ఉండండి’కే ఓటు. పట్టినదాన్ని విడవాలి. రంజాన్‌లో పొద్దు గూకితే ఒక్కపొద్దు విడుస్తారు, దానికి టైం ఉంది. మన నియమంలో విడిచే ఘడియంటూ ఏదీ లేదు కదా.