ఏడో తరగతి బిడ్డకు హెచ్‌పీవీ టీకా వేయించాలా? అత్తమ్మ వద్దంటోంది

మిర్యాలగూడ అమ్మ:
పాపకు పన్నెండు నిండాయి. జ్వరమని పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకుపోతే, గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ రాకుండా టీకా ఉంది, ఈ వయసులోనే వేయించండి అని చీటీ రాసిచ్చాడు. ఇంటికొచ్చి చెప్పగానే అత్తమ్మ గయ్యిమంది. అప్పట్లో భద్రాచలం దిక్కు హాస్టల్ పిల్లలకు ఇదే సూది వేస్తే చచ్చిపోయారట, బతికినా రేపు పిల్లలు పుట్టరట. మా ఆయనేమో పెళ్లికి ముందు చూద్దాంలే అంటాడు. చీటీ రెండు వారాల నుంచి ఫ్రిజ్ మీదే ఉంది, రోజూ పాలు తీసేటప్పుడు కనబడి టెన్షన్. మీలో ఎవరైనా వేయించారా?

పాలమూరు సిస్టర్:
మా చిన్నదానికి వేయించా అక్కా, చేయి రెండు రోజులు నొప్పి పెట్టింది, అంతే. ఈ క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ వైరస్ ఎక్కువగా శారీరక కలయిక ద్వారా అంటుకుంటుంది, అంటుకున్నాక టీకా దాన్ని పోగొట్టలేదు. అందుకే ముందే వేయాలి. 9 నుంచి 14 ఏళ్ల వరకు ఆరు నెలల తేడాతో రెండు డోసులు, 15 నిండితే మూడు, కాబట్టి అన్నతో చెప్పండి, పెళ్లి దాకా ఆగితే సూదులూ ఖర్చూ పెరుగుతాయి. ఈ వయసు పిల్లలకు ఒక్క డోసు కూడా సరిపోతుందని 2022లో డబ్ల్యూహెచ్‌ఓ చెప్పింది. టీకాలో బతికున్న వైరస్ ఉండదు, పైపొర లాంటిది మాత్రమే. పిల్లలు పుట్టకపోవడానికీ దీనికీ సంబంధం లేదు. డబ్బులు కట్టే ముందు మీ ఏఎన్ఎంను ఒక మాట అడగండి, సర్కారు తరఫున ఏ వయసు వాళ్లకు ఇస్తున్నారో ఆమెకు తెలుస్తుంది.

దేవరకొండ సార్:
మాది ఖమ్మం జిల్లానే, ఉద్యోగం ఇక్కడ. మీ అత్తమ్మ చెప్పింది ఉత్త పుకారు అని కొట్టేయకండి, సగం నిజం. 2009లో ఖమ్మం జిల్లాలో (అప్పుడు భద్రాచలం అందులోదే), గుజరాత్‌లోని వడోదరలో అధ్యయనం పేరుతో ఈ టీకా వేశారు. రెండు చోట్లా కలిపి ఏడుగురు ఆడపిల్లలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. తర్వాత విచారణలో పాము కాటు, పురుగుల మందు, నీళ్లలో మునగడం, మలేరియా లాంటి కారణాలు తేలాయి, టీకా వల్ల అని తేలలేదు. కానీ చాలామంది పిల్లలకు తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారు. అది ముమ్మాటికీ తప్పు, జనం మనసులో మిగిలింది ఆ కోపమే. ఆమెను దబాయించకుండా ఇది చెప్పి చూడండి. ఇంకోటి, స్కాట్లాండ్‌లో 12, 13 ఏళ్లకు పూర్తిగా టీకా వేయించుకున్నవాళ్లలో ఒక్కరికీ ఈ క్యాన్సర్ రాలేదని 2024లో లెక్క బయటికొచ్చింది.

జడ్చర్ల వదిన:
అందరూ బిడ్డ గురించే మాట్లాడుతున్నారు, మరి తల్లి ఈ క్యాన్సర్ పరీక్ష చేయించుకుందా? మనకు 30 దాటితే ఐదేళ్లకోసారి చూపించుకోవాలి. నేను మొదటిసారి ఒక క్యాంపుకు పోతే పరదా కూడా సరిగ్గా లేదు, సిగ్గుతో తిరిగొచ్చేశా. రెండేళ్లకు, మంగళవారం ఆడవాళ్ల కోసం సర్కారు పెట్టే ఆరోగ్య మహిళ క్లినిక్‌లో చేయించుకున్నా. దూదికి వెనిగర్ లాంటి ద్రావణం అద్ది ముఖద్వారం మీద పెట్టి ఒక నిమిషం ఆగారు. కొంచెం చురుక్కుమంది. తేడా ఉంటే అక్కడ తెల్లగా మచ్చ లేస్తుందట, నాకు లేచింది. క్యాన్సర్ అనుకుని బస్‌లో ఏడ్చుకుంటూ వచ్చా. కాదు, అప్పటికింకా మారుతున్న కణాలే, అవి క్యాన్సర్ కావడానికి చాలా ఏళ్లు పడుతుందట. పెద్ద దవాఖానకు పంపితే చల్లటి గ్యాస్‌తో ఆ మచ్చను గడ్డకట్టించి పోగొట్టారు, సాయంత్రం ఇంట్లో అన్నం వండా.

పాలమూరు సిస్టర్:
వదిన మంచి మాట చెప్పింది. టీకా వేయించుకున్న పిల్లలు కూడా పెద్దయ్యాక ఈ పరీక్ష చేయించుకోవాల్సిందే, టీకా అన్ని రకాల వైరస్‌లనూ ఆపదు. వాటిలో 16, 18 అనే నంబర్ల రకాలే దాదాపు 70 శాతం క్యాన్సర్ కేసులకు కారణం, వాటిని మాత్రం గట్టిగా ఆపుతుంది. నెలసరి ఆగినవాళ్లకు వెనిగర్ పరీక్షలో సరిగ్గా కనబడకపోవచ్చు, వాళ్లు పాప్ స్మియర్ (ముఖద్వారం కణాలు తీసి చూసేది) గానీ హెచ్‌పీవీ పరీక్ష (వైరస్ ఉందేమో చూసేది) గానీ అడగాలి. ముట్లుడిగాక మళ్లీ రక్తం కనబడితే పరీక్షల రోజు కోసం చూడకుండా వెంటనే పోవాలి.

మిర్యాలగూడ అమ్మ:
సార్ చెప్పింది అత్తమ్మకు చదివి వినిపించా. వార్డెన్ సంతకం దగ్గర "చూసినవా, నేను చెప్పలే" అంది, ఆ తర్వాత మాట్లాడలేదు. నాకు 36, ఇంతవరకు ఏ పరీక్షా చేయించుకోలేదు, వచ్చే మంగళవారం పోతున్నా. అత్తమ్మను నువ్వూ రా అంటే, నాకు ఎప్పుడో ఆపరేషన్ అయింది కదా అంటోంది. అది పిల్లలు కాకుండా చేసింది, గర్భసంచి అట్లనే ఉంది అని ఆమెకు నచ్చజెప్పేసరికి తల తిరిగింది నాకు. సరే, వస్తానంది. టీకా గురించి మాత్రం ఇంకా ఊ అనలేదు.