మేడిపండు పద్యంలో ‘మేలిమి’, ‘బింకం’

కడపలో సోఫా చూడటానికి అమ్మ, నేను, మా వీధి ఆచారిగారు కలిసి వెళ్లాం. చూపుకు కళకళలాడుతున్న త్రీ సీటర్‌ను ఆయన బోర్లా వేయించి, అడుగున పిన్నులు కొట్టిన నల్లబట్టను ఒక మూల ఊడదీయించారు. లోపల పెట్టెలకు వాడే చెక్క. మూలల్లో దన్ను ముక్కలే లేవు. ఒకచోట వేలితో గీరితే పిండి రాలింది, పురుగు తొలిచిన చెక్క అది. అమ్మ వెంటనే “మేడిపండు చూడ...” అని ఎత్తుకుంది.

మేడిపండు చూడ మేలిమై యుండును
పొట్ట విప్పి చూడ పురుగులుండు
పిరికివాని మదిని బింకమీలాగురా
విశ్వదాభిరామ వినురవేమ

ఈ పద్యంలో బరువంతా ‘మేలిమి’ మీద ఉందని నాకు గట్టిగా అనిపిస్తోంది. మేలిమి బంగారం అంటే తళతళలాడే బంగారం అని కాదు, కల్తీ లేనిదని. అది కంటికి తేలే గుణం కాదు, ఒరగల్లు మీద గీసి చూడాల్సిందే. అలాంటి మాటను వేమన ‘చూడ’ పక్కన పెట్టాడు. అందమై యుండును అనలేదు. పైపై చూపుతోనే లోపలి గుణాన్ని కూడా తేల్చేసుకునే మన అలవాటును ఆ ఒక్క మాటలో పట్టేశాడు. అందుకే రెండో పాదంలో మళ్లీ ‘చూడ’ వస్తుంది. ఈసారి చూపు వేరు.

మూడో పాదాన్ని మనం సాధారణంగా వదిలేస్తాం. పద్యం పిరికివాడి గురించి కదా, వస్తువులకు వాడకూడదని కొందరంటారు. నేను ఒప్పుకోను. ‘బింకం’ అంటే బిగువు కూడా. డెన్సిటీ తక్కువ ఫోమ్ కొత్తలో బింకంగానే ఉంటుంది, కూర్చోగా కూర్చోగా గుంట పడుతుంది. డెన్సిటీ అంటే గట్టిదనం కాదు, ఘనమీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందన్న లెక్క. మేము 40 డెన్సిటీ ఫోమ్, టేకు ఫ్రేముతో ఆచారిగారికే చేయమని చెప్పాం. రెగ్జిన్ వద్దనుకున్నాం, మన ఎండలకు ఒంటికి అతుక్కుంటుంది.

వ్యాఖ్య: అన్నా, మేం అనంతపురంలో ‘పొట్ట విచ్చి’ అని నేర్చుకున్నాం. ఏది సరైనది?

జవాబు: రెండూ వినిపిస్తాయి తమ్ముడూ, ఆటవెలది గణాలకూ రెండూ సరిపోతాయి. నా మనసు ‘విచ్చి’ వైపే. మూట విప్పుతాం, ముడి విప్పుతాం. పండు, పువ్వు విచ్చుకుంటాయి. సోఫా బట్టకైతే ‘విప్పి’.

వ్యాఖ్య: మేడికి ఆ పురుగులు తెగులు కావండీ. మేడి పూలు కాయ లోపలే ఉంటాయి, ఆ సన్నటి పురుగులే వాటికి పుప్పొడి చేరుస్తాయి.

జవాబు: మంచి మాట చెప్పారు. అయితే పోలిక తినేవాడి వైపు నుంచి చెప్పినది. కొరికినవాడికి పురుగు పురుగే. ‘మేలిమి’ని ఇప్పటికీ బంగారానికి తప్ప వేరేవాటికి మాటల్లో వాడే ఊళ్లు మీకు తెలుసా? మా వైపు పెద్దవాళ్లు మంచి బియ్యాన్ని కూడా అలా అనగా విన్నాను.