ఇంట్లోకీ ప్రోగ్రాములకీ ఒకటే పియానో, 50 వేల లోపు ఏది బెటర్?

పర్లాకిమిడి కీస్:
అన్నలూ అక్కలూ, ఒక సలహా కావాలి. మాది పర్లాకిమిడి. ఆదివారం చర్చిలో వాయిస్తాను, సీజన్లో పెళ్లి రిసెప్షన్లూ మెలోడీ ప్రోగ్రాములూ ఉంటాయి, ఇటు గునుపూర్ అటు టెక్కలి దాకా తిరుగుతాం, సగం తెలుగు పాటలు సగం ఒడియా. ఇన్నాళ్లూ 61 కీల కీబోర్డే. ఇప్పుడు మా పాప పియానో నేర్చుకుంటానంటోంది, అసలు పియానోలా బరువుగా దిగే వెయిటెడ్ కీస్ ఉంటేనే వేళ్లు తిరుగుతాయని వాళ్ల టీచరు చెప్పారు. సరే రెండిటికీ ఒకటే కొనేద్దామని యమహా పీ-145, క్యాసియో సీడీపీ-ఎస్110, రోలాండ్ ఎఫ్‌పీ-10 చూసుకున్నాను. కారు లేదు, ఆటోలోనో బస్సులోనో మొయ్యాలి. ఏది తీసుకోమంటారు?

రాయగడ సౌండ్:
బాబూ, నాను వాయించేవోణ్ని కాదు, సౌండ్ మిక్సర్ దగ్గర కూచునేవోణ్ని, కాబట్టి నా గోల వేరు. అందరూ టచ్ గురించే అడుగుతారు, వెనకాల ఏ జాకులున్నాయో ఎవడూ చూడడు. నువ్వు చెప్పిన మూడిటికీ లైన్ అవుట్, అంటే మిక్సర్‌కి సౌండ్ పంపే జాక్, లేదు, హెడ్‌ఫోన్ జాక్ నుంచే లాగాలి. లాగొచ్చు, తప్పేం లేదు. కాకపోతే మనోళ్లు స్టీరియో వైరు తెచ్చి తిన్నగా ఒక్క చానల్లో గుచ్చేస్తారు, ఆ ఇన్‌పుట్ బ్యాలెన్స్‌డ్‌ది, ఎడం సిగ్నల్లోంచి కుడిది తీసేస్తాది, రెండిట్లో ఒకేలా ఉన్న సౌండంతా ఎగిరిపోయి పియానో రేకు డబ్బాలా మోగుతాది. మొన్న ఒక రిసెప్షన్లో ఇదే జరిగితే కీబోర్డు కుర్రోడు బోర్డు కాలిపోయిందని చెమటలు కక్కేశాడు. ఒక పక్క స్టీరియో పిన్నూ ఇంకో పక్క రెండు మోనో పిన్నులూ ఉన్న వై కేబుల్ కొనుక్కుని రెండు చానళ్లలో పెట్టించు. జాక్ గుచ్చితే మామూలుగా దాని సొంత స్పీకర్లు ఆగిపోతాయి, అందుకని నీకు వినపడేలా మానిటర్ స్పీకర్ ముందే అడిగి పెట్టించుకో. బడ్జెట్ కాస్త పెంచగలిగితే రోలాండ్ ఎఫ్‌పీ-30ఎక్స్‌కీ క్యాసియో పీఎక్స్-ఎస్1100కీ లైన్ అవుట్లు వేరేగా ఉన్నాయి.

జేపూర్ టీచర్:
పాప కోసమే అయితే నేను ఎఫ్‌పీ-10 అంటాను, ఆ ధరలో కీ కిందికి దిగే తీరు దానిదే నాకు నచ్చింది. బరువు 12.3 కిలోలు మరి. పీ-145 అయితే 11.1, సీడీపీ-ఎస్110 అయితే 10.5, పైగా అది 6 డబుల్ ఏ బ్యాటరీలతో కూడా నడుస్తుంది, వానాకాలం మన కరెంటు సంగతి మీకు చెప్పక్కర్లేదు కదా. ఏది కొన్నా డబ్బాలో వచ్చే చిన్న చదరం పెడల్ గచ్చు మీద జారిపోతూ ఉంటుంది, పియానో పెడల్ లాంటిది విడిగా తీసుకోండి. డైనింగ్ టేబుల్ మీద పెట్టి మాత్రం నేర్పించొద్దండీ, ఎత్తు ఎక్కువై మణికట్టు వంగిపోతుంది.

బరంపురం పాత చెయ్యి:
నాకు ఈ ఒకటే కొనడం అనేదే నచ్చలేదు గురూ. ఆ మూడిట్లో పిచ్ బెండ్ వీల్, అదే స్వరాన్ని పైకీ కిందికీ లాగే చక్రం, లేదు. ఫ్లూటు బిట్టూ షెహనాయి బిట్టూ వస్తే గమకం ఎలా లాగుతావ్? చర్చిలో పాడేవాళ్లు ఉన్నట్టుండి శ్రుతి మార్చమంటారు, వీటిల్లో బటన్లు తక్కువ, ఫంక్షన్ బటన్ పట్టుకుని కీ నొక్కి ట్రాన్స్‌పోజ్ చెయ్యాలి, పాట మధ్యలో అది అయ్యే పనేనా? నీ పాత 61 కీల కీబోర్డు అమ్మెయ్యకు, అది ప్రోగ్రాములకు, పియానో ఇంట్లో పాపకి. లేదు ఒకటే కావాలంటే సీడీపీ-ఎస్350 గానీ ఎస్360 గానీ చూడు, 88 వెయిటెడ్ కీలు, పిచ్ బెండ్ వీల్, 700 టోన్లు, 200 రిథమ్‌లు.

పర్లాకిమిడి కీస్:
ఎస్360 సంగతి నాకు తట్టనే లేదన్నా, థాంక్స్. వైజాగ్ వెళ్లి పాప చేత ఎఫ్‌పీ-10నీ ఎస్360నీ వాయింపించి చూస్తాను. బస్సులోకి సాఫ్ట్ బ్యాగ్ చాలదా?

రాయగడ సౌండ్:
నీ పక్కన నిలబెట్టుకుంటే చాలు. డిక్కీలో పడేస్తే చాలదు, మీద ఉల్లిపాయల బస్తాలు వేస్తారు. ఎస్360 అయితే 132 సెంటీమీటర్ల పొడవు, అంటే నాలుగడుగులు దాటింది, ఆటోలో అడ్డంగా పెట్టే ముందు కొలుచుకో.