50×4 అని రాసున్న కంపెనీ స్టీరియోకి ఎలాంటి స్పీకర్లు పడతాయి? (బెంగళూరు)

పెనుకొండ_పయనం
అందరికీ నమస్కారం. ఉండేది మారతహళ్ళిలో. పోయిన నెల సెకండ్ హ్యాండ్‌లో చిన్న కారు ఒకటి కొన్నాను. కంపెనీ నుంచి వచ్చిన స్టీరియోనే ఉంది. ముందు ఎడమ డోర్‌లో స్పీకర్ అంచు చిరిగింది, సౌండు పెంచితే మాటల మీద గర్రుమంటోంది. ఎలాగూ తీస్తున్నాం కదా అని రెండూ మార్చేద్దామనుకుంటున్నాను. స్టీరియో మీది స్టిక్కర్‌లో 50 వాట్లు × 4 అని ఉంది. ఒక షాపులో అడిగితే కనీసం 80 వాట్ల ఆర్‌ఎంఎస్ (ఆగకుండా తట్టుకునే పవర్) స్పీకర్లు వెయ్యాలి, లేకపోతే కాలిపోతాయన్నారు. ఇంకో షాపులో విడిగా యాంప్ (సౌండు పెంచే యాంప్లిఫయర్) పెట్టకుండా ఏది వేసినా దండగన్నారు. స్టీరియో మార్చే ఉద్దేశం లేదు. డాష్‌బోర్డులో అమరిపోయి ఉంది, స్టీరింగ్ మీది బటన్లు కూడా దానితోనే పనిచేస్తాయి. బడ్జెట్ ఐదారు వేలు. ఏం తీసుకోమంటారు?

కడప_కుర్రాడు
ఆరున్నర అంగుళాల కోయాక్సియల్ (పెద్దదీ చిన్నదీ ఒకేదాంట్లో ఉండే స్పీకర్) ఏదైనా తీసుకో అన్నా. పని అయిపోతుంది.

ఓమ్_లెక్క
ఏదైనా అంటే కుదరదు. ముందు ఆ 50 ఎక్కడిదో చూడండి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కారులో ఉండేది సుమారు 14.4 వోల్టులు. స్టీరియోలోని యాంప్లిఫయర్ ఐసీ (చిప్) అంతకు మించి ఇవ్వలేదు. 14.4ని 14.4తో గుణించి స్పీకర్ 4 ఓమ్‌లతో (కరెంటుకి అది ఇచ్చే అడ్డుతో) భాగిస్తే 51.8 వస్తుంది. స్టిక్కర్ మీది 50 అదే. పాట మొత్తం నలిగిపోయి, సౌండు అల (వేవ్) పైనా కిందా కత్తిరించినట్టు అయిపోయాక వచ్చే అంకె అది. శుభ్రంగా వినిపించే అలకి లెక్క కడితే అందులో సగం, అంటే 26. ఐసీలోనే పోయే వోల్టున్నర తీసేస్తే మిగిలేది 20 వాట్ల దగ్గర. వాస్తవంలో 15 నుంచి 20 మధ్య అనుకోండి.

స్పీకర్ డబ్బా మీద 80 అని ఉంటే అది తట్టుకునే శక్తి. ఎంత గట్టిగా పలుకుతుందో అది చెప్పదు. చూడాల్సింది సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కి ఎంత గట్టిగా పలుకుతుందో డెసిబెల్స్‌లో చెప్పే అంకె. 3 డెసిబెల్స్ పెరిగితే స్టీరియో పవర్ రెట్టింపు చేసినట్టే. 92 ఉన్న స్పీకర్‌కి 15 వాట్లు ఇస్తే వచ్చే సౌండు, 86 ఉన్నదాంట్లో రావాలంటే 60 వాట్లు కావాలి. మీ స్టీరియోలో 60 లేవు. కంపెనీ స్పీకర్లకి కాగితం కోన్ (సౌండుకి కదిలే గరాటు), చిన్న అయస్కాంతం ఉంటాయి, తేలిగ్గా కదులుతాయి. వాటిని తీసి బరువైన కోన్ ఉన్న ఖరీదైనవి వేశాక "పాతవే గట్టిగా వినిపించేవి" అని బాధపడేవాళ్ళు ఇందుకే ఉన్నారు.

ఒక జాగ్రత్త. సెన్సిటివిటీ పక్కన "1 వాట్, 1 మీటర్" అని ఉందా, "2.83 వోల్టులు" అని ఉందా చూడండి. 2.83 వోల్టులు 8 ఓమ్‌ల స్పీకర్‌కి ఒక వాట్, 4 ఓమ్‌ల స్పీకర్‌కి రెండు వాట్లు. అంటే 4 ఓమ్‌లదానిపై 2.83 లెక్కన 91 అని వేస్తే అది నిజానికి 88.

జేసీరోడ్_చెయ్యి
తమ్ముడూ, నేను జేసీ రోడ్ కారు షాపుల్లో 14 ఏళ్ళుగా డోర్లు విప్పుతున్నాను. మాది మదనపల్లె. అంకెలన్నీ బాగున్నాయి కానీ డోర్ లోపల ఏముందో ఎవరూ చెప్పలేదు. స్పీకర్ వెనక ఉండేది డబ్బా కాదు, పల్చటి రేకు, దానికి పెద్ద పెద్ద కంతలు. స్పీకర్ ముందు నుంచి వచ్చే గాలి, వెనక నుంచి వచ్చే గాలి ఆ కంతల్లో కలిసిపోతే బేస్ ఉండదు. 92 అయినా ఉండదు, 86 అయినా ఉండదు. మూడు వేల స్పీకర్ వేసి, రేకుకి బ్యూటిల్ షీట్ (అదురు ఆపే జిగురు షీట్) అంటించి, స్పేసర్ (స్పీకర్ కింద పెట్టే రింగు) చుట్టూ ఫోమ్ పెట్టి గట్టిగా బిగిస్తే, ఊరికే స్క్రూ కొట్టిన పది వేల స్పీకర్ కంటే బాగా పలుకుతుంది. నా చేత్తో ఎన్నో బండ్లకి చేశాను.

ఓమ్_లెక్క
డంపింగ్ (రేకు అదురు తగ్గించడం) వద్దని నేను అనలేదు. ఆయన అడిగింది స్టీరియోకి ఏ స్పీకర్ సరిపోతుందని. 86, 92 ఒకటే అంటే తప్పు.

జేసీరోడ్_చెయ్యి
ఒకటే అనలేదు. బేస్ గురించి చెప్పాను.

కడప_కుర్రాడు
మా మామ కారుకి 3 ఓమ్‌ల స్పీకర్లు వేశారు. సౌండు అదిరిపోతోంది.

ఓమ్_లెక్క
దయచేసి ఆ సలహా ఇవ్వకండి. జేబీఎల్, ఇన్ఫినిటీ లాంటి వాటిలో 3 ఓమ్‌ల మోడళ్ళు ఉన్న మాట నిజమే. కారులోని సన్నటి వైర్ల వల్ల పోయే పవర్ కలిసొస్తుందని వాళ్ళు చెబుతారు. కానీ ఓమ్‌లు తగ్గితే ఐసీ నుంచి లాగే కరెంటు పెరుగుతుంది. 4 నుంచి 3కి వస్తే మూడో వంతు ఎక్కువ. 2కి వస్తే రెట్టింపు. వేడెక్కి, తనను కాపాడుకోవడానికి ప్రొటెక్షన్‌లోకి వెళ్ళి స్టీరియో ఆగిపోతుంది. రోజూ అదే జరిగితే ఐసీ పోతుంది.

జేసీరోడ్_చెయ్యి
3 ఓమ్‌లతో పోదు. నేను వేసినవి ఐదారేళ్ళుగా తిరుగుతున్నాయి. 2 ఓమ్‌లు తట్టుకునే ఐసీలు కూడా ఉన్నాయి, మీకూ తెలిసే ఉంటుంది.

ఓమ్_లెక్క
ఉన్నాయి. ఆయన స్టీరియోలో ఏ ఐసీ ఉందో మీరు చూశారా? మే నెలలో అనంతపురం ఎండలో, డాష్‌బోర్డు వెనక గాలి ఆడని చోట ఆ వేడి ఎటు పోతుంది? చూడకుండా "పోదు" అనడమే నాకు నచ్చనిది. మా నాన్న బండికి సరిగ్గా ఇలాగే చేశారు. 2021లో. ఏ షాపో చెప్పను. 4 ఓమ్‌లవని చెప్పి వేశారు. నెల తిరక్కుండా స్టీరియో మాటిమాటికీ ఆగిపోవడం మొదలైంది. వెళ్ళి అడిగితే పాత బండి కదా సార్ అన్నారు. సర్వీస్ సెంటర్‌లో డోర్ విప్పి చూపించారు. కంపెనీ కప్లర్ (వైర్ల ప్లగ్గు) కోసేసి, వైర్లు మెలితిప్పి, ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేశారు. వైరు కోశారు కాబట్టి వారంటీ ఇవ్వం అన్నారు. నేను మల్టీమీటర్ పెట్టి చూస్తే స్పీకర్ 1.9 ఓమ్‌లు చూపించింది. 4 ఓమ్‌ల స్పీకర్ మీటర్ మీద మూడుంపావు నుంచి మూడున్నర దాకా చూపిస్తుంది. 1.9 అంటే అది 2 ఓమ్‌ల సరుకే. నాన్న పెన్షన్ డబ్బుతో కొత్త స్టీరియో కొన్నారు.

జేసీరోడ్_చెయ్యి
అది చేసినవాడి తప్పు. నాకెందుకు చెబుతున్నారు?

ఓమ్_లెక్క
మీరూ అదే మాట అంటున్నారు కాబట్టి. "నేను వేశాను, పోలేదు, నన్ను నమ్మండి."

జేసీరోడ్_చెయ్యి
అయితే సూటిగా అనండి, జేసీ రోడ్‌లో అందరూ దొంగలని. నేనూ ఒకటి చెబుతాను. కస్టమర్లు శనివారం వస్తారు. ఫోన్‌లో సెన్సిటివిటీ చూపిస్తారు. స్పీకర్లు ఆన్‌లైన్‌లో కొనుక్కొచ్చి లేబర్ మూడు వందలు ఇస్తామంటారు. రెండు డోర్ల ట్రిమ్ (లోపలి ప్యానెల్) విప్పడం, క్లిప్పులు విరక్కుండా తీయడం, వానకి అడ్డంగా ఉండే ప్లాస్టిక్ షీట్‌ని చిరక్కుండా ఒలిచి మళ్ళీ అదే జిగురుతో అంటించడం, ఇదంతా రెండు గంటల పని. మూడు వందలకి ఎవడు ఒలుస్తాడు? బ్లేడు పెట్టి కోసేస్తాడు. తర్వాత బెంగళూరు వానకి డోర్‌లో దిగిన నీళ్ళు కార్పెట్‌లోకి వస్తాయి. మళ్ళీ మమ్మల్నే తిడతారు. స్పీకర్‌కి ఆరు వేలు పెట్టడానికి చేతులొస్తాయి, పనికి మాత్రం రావు. నా కోపం ఓమ్‌ల మీద కాదు.

వైట్‌ఫీల్డ్_వదిన
ఇద్దరూ కాస్త ఆగండి. మీ గొడవ స్పీకర్ గురించి కాదని ఇప్పుడు అర్థమవుతోంది. ఒకరికి చేసే పని కళ్ళ ముందు కొలిచి చూపించాలి. ఇంకొకరికి ఆ పనికి తగ్గ డబ్బు ఇవ్వాలి. రెండూ న్యాయమే.

మా కారుకి జరిగింది కూడా చెబుతాను, పనికొస్తుంది. పోయినేడు మార్చాం. కొత్త స్పీకర్ అయస్కాంతం పాతదాని కంటే లోతు. ఎవరూ అద్దం దించి చూడలేదు. ఇంటికొచ్చి అద్దం పూర్తిగా దించితే లోపల టక్ మని తగిలి ఆగిపోయింది. స్పేసర్ మార్చాల్సి వచ్చింది. ఇంకో సమస్య, బేస్ అస్సలు లేదు. ఒక వైపు ప్లస్, మైనస్ తిరగేశారు. ఒక కోన్ బయటికి తోస్తుంటే ఇంకొకటి లోపలికి లాగుతోంది. ఒకటిన్నర వోల్టుల బ్యాటరీ సెల్ తెచ్చి వైర్లకి క్షణం తాకిస్తే తెలిసిపోయింది. ప్లస్‌కి ప్లస్ తగిలితే కోన్ బయటికి ఉబకాలి.

ఇంతకీ పెనుకొండ తమ్ముడూ, ఎవరు వినడానికి ఇదంతా?

పెనుకొండ_పయనం
వదినా, బాగా అడిగారు. అమ్మ కోసం. నెలకి రెండుసార్లు పెనుకొండ వెళ్ళొస్తాం, ఎన్‌హెచ్ 44 మీద. అమ్మకి మోకాళ్ళ నొప్పి, వెనక సీట్లో కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది. హరికథలు, పాత పాటలు పెట్టమంటుంది. దేవనహళ్ళి దాటి వేగం అందుకోగానే టైర్ల మోతలో మాట వినిపించట్లేదంటుంది. నేను పెంచుతాను. ముందు నాకు చెవులు పగిలిపోతుంటాయి, వెనక అమ్మకి మాటలు గర్రుమంటాయి. బాగేపల్లి టోల్ వచ్చేసరికి తనే కట్టేయమంటుంది.

ఓమ్_లెక్క
వెనక స్పీకర్లు ఎలా ఉన్నాయి?

పెనుకొండ_పయనం
వెనక డోర్లలో గ్రిల్ ఉంది. సౌండు ఎప్పుడూ రాలేదు. లోపల స్పీకర్లు లేవేమో అనుకుంటున్నాను.

జేసీరోడ్_చెయ్యి
అయ్యో తమ్ముడూ, ఇది మొదటి పోస్టులోనే చెప్పాలి కదా! కింది వేరియంట్లలో ముందు రెండే ఇచ్చి వెనక ఖాళీ గ్రిల్ పెడతారు. కొన్నింటిలో వైరింగ్ మాత్రం డోర్ దాకా లాగి ఉంటుంది. స్టీరియోలో ఫేడర్ (సౌండుని ముందుకీ వెనక్కీ పంచే సెట్టింగ్) ఉందా? ఉంటే వెనక ఛానెళ్ళు ఉన్నట్టే. స్టిక్కర్ మీద ×4 అని కూడా ఉంది.

యాంప్ మాట ఇక మర్చిపోండి. ముందు ఒక జత, వెనక ఒక జత మామూలు కోయాక్సియల్. మాట స్పష్టంగా రావాలంటే అమ్మగారి పక్కనే స్పీకర్ ఉండాలి. వెనక డోర్‌లో చోటు ఎంతుందో కొలిచి సైజు తీసుకోండి.

ఓమ్_లెక్క
ఈ మాట ఒప్పుకుంటాను. దూరం నుంచి అరిపించే కంటే దగ్గర నుంచి చిన్నగా పలికిస్తే మాట తెలుస్తుంది. ఒకవేళ వెనక వైరింగ్ లేదని తేలితే, ముందు వైర్లకే వెనకవి జోడిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. 4 ఓమ్‌లవి రెండు పక్కపక్కన కలిపితే 2 ఓమ్‌లే. ఒక్కో స్పీకర్‌కి స్టీరియో నుంచి విడిగా వైరు రావాలి.

జేసీరోడ్_చెయ్యి
అందులో నాకూ వాదన లేదు. వైరు కోయక్కర్లేదు కూడా. బండి మోడల్‌కి సరిపోయే కప్లర్ అడాప్టర్లు దొరుకుతాయి, కొన్ని వందల్లో వస్తాయి. అడిగి వేయించుకోండి. వేసేవాడు కోస్తానంటే బండి తీసుకుని వచ్చేయండి.

కడప_కుర్రాడు
ముందు కాంపొనెంట్ సెట్ (చిన్న స్పీకర్ విడిగా ఉండేది) వేస్తే మాట ఇంకా బాగుంటుంది కదా?

వైట్‌ఫీల్డ్_వదిన
ముందు వాళ్ళకి బాగుంటుంది. ఆయన అమ్మ వెనక కూర్చుంటారు.

పెనుకొండ_పయనం
ఆదివారం పొద్దున అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్‌లో కూర్చుని వెనక ఎడమ డోర్ ట్రిమ్ విప్పాను. ఒక క్లిప్పు విరిగింది. ప్లాస్టిక్ షీట్ మూల మాత్రం మెల్లగా ఒలిచాను, నల్లటి జిగురు వేళ్ళకి అంటుకుని ఇంకా పోలేదు. లోపల స్పీకర్ లేదు. తెల్ల కప్లర్ ఒకటి ఫోమ్ చుట్టి వైర్ల కట్టకి కట్టేసి ఉంది. ముందు డోర్‌లోంచి తీసిన చిరిగిన స్పీకర్‌నే రెండు చిన్న వైర్లతో దానికి తగిలించి ఫేడర్ వెనక్కి తిప్పాను. పలికింది! అమ్మని పిలిచి వెనక కూర్చోబెట్టాను. సౌండు ఏడు మీదే ఉంచి హరికథ పెట్టాను. గర్రుమనలేదు. ప్రతి మాటా తెలుస్తోందంది.

పాత స్పీకర్ మీటర్ మీద 3.4 చూపించింది.

జేసీరోడ్_చెయ్యి
అయితే 4 ఓమ్‌లదే. కొత్తవి నాలుగూ 4 ఓమ్‌లవే తీసుకోండి, 3 వద్దు. విరిగిన క్లిప్పు మళ్ళీ వాడకండి, డోర్ కొట్టుకుంటుంది. శనివారం పదింటికి రండి, మీ మీటరే తెచ్చుకోండి. మీ ముందే కొలుస్తాను. లేబర్ ఎంతో ముందే చెబుతాను, బేరం వద్దు.

ఓమ్_లెక్క
నేనూ వస్తాను. స్పీకర్లు కొనే ముందు సెన్సిటివిటీ 1 వాట్ లెక్కన ఉందో, 2.83 వోల్టుల లెక్కన ఉందో ఫొటో తీసి ఇక్కడ పెట్టండి.