పడవ ఇంజన్ మోత: సైలెన్సర్ మారిస్తే చాలా, ఇంజన్‌కు పెట్టె కట్టాల్సిందేనా?

సంగమేశ్వరం రేవు

అన్నలందరికీ నమస్కారం. మాది కృష్ణ ఒడ్డు, పాత కర్నూలు జిల్లా. శ్రీశైలం వెనక జలాల్లో మనుషుల్ని దాటించే పడవ నడుపుతాను. నీళ్లతో చల్లబడే రెండు సిలిండర్ల డీజిల్ ఇంజన్, పొగ గొట్టం నేరుగా పైకి. నీళ్లు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడిన రోజుల్లో జనం శానా వస్తారు. ఎక్కిన పది నిమిషాలకే చెవుల్లో వేళ్లు పెట్టుకుంటారు. నాయన ముప్పై ఏండ్లు ఇదే పని చేసినాడు. ఇప్పుడు మనవరాలు మాట్లాడితే పెదాలు చూసి తలూపుతాడు, మాట వినపడదు. నాకూ రాత్రి పడుకుంటే చెవుల్లో గుయ్‌మంటాంది.

పోయిన నెల కర్నూలులో ట్రాక్టర్ సైలెన్సర్ కొనుక్కొచ్చి బిగించినా. పైకి పోయే డబడబ తగ్గింది గానీ లోపల కూర్చున్నోళ్లకు రవ్వంత కూడా తేడా లేదు. ఒకాయన పెట్టె కట్టమంటాడు. ఇంకొకాయన కడితే ఇంజన్ కాలిపోతాదంటాడు. రేవులో పెద్దోళ్లదేమో ఇంకో మాట: మోత లేకుంటే పుట్టిలో (గుండ్రటి బుట్ట పడవలో) ఉన్నోనికి పడవ వస్తాండేది ఎట్ల తెలుస్తాది? నాకు ఈ మూడూ తేలాల.

అనంతపురం డీజిల్ మేస్త్రీ

అన్నా, డబ్బు పెట్టకముందు ఏ మోత ఎక్కడి నుంచి వస్తోందో విడదీయండి. పొగ గొట్టంది ఒకటి. గాలి పీల్చే చోటుది ఒకటి. ఇంజన్ ఒంటి నుంచి వచ్చే టకటక ఒకటి. బోల్టుల మీదుగా చెక్కలోకి దిగి పడవంతా డప్పు మాదిరి మోగేది ఇంకొకటి. రెండు మోతలు సమానంగా ఉన్నప్పుడు అందులో ఒకదాన్ని పూర్తిగా ఆపేసినా మోత కొలిచే మీటర్‌లో తగ్గేది 3 డెసిబెల్సే. చెవికి సగమైనట్టు అనిపించాలంటే 10 దాకా తగ్గాలి. మీ సైలెన్సర్ పని చేసింది, మిగతా మోతల కింద అది తెలియడం లేదు, అంతే.

పడవను రేవులో కట్టేసి, సైలెన్సర్ కొసకు తాత్కాలికంగా పొడుగాటి ఇనప పైపు తగిలించి, దాని నోరు దూరంగా గట్టు మీదికి పెట్టండి. ఇంజన్ రేజ్ చేయండి. మీ సీటు దగ్గర మోత అంతే ఉంటే తప్పు పొగది కాదు. ఫోన్ యాప్ చూపే అంకె కచ్చితంగా ఉండదు గానీ, అదే ఫోను అదే చోట పెట్టి ముందూ వెనకా పోల్చుకోడానికి పనికొస్తుంది.

పెట్టె సంగతి. జనరేటర్ల పెట్టెకు మీటరు దూరంలో 75 డెసిబెల్స్ దాటకూడదని మన దేశంలో నిబంధన ఉంది. అదే డీజిల్ ఇంజన్‌ను బయట పెట్టి నడిపితే పక్కన నిలబడలేం. పెట్టె పని చేస్తుందనడానికి ఏ కల్యాణ మండపం వెనక్కి పోయినా సాక్ష్యం దొరుకుతుంది.

పెన్నా లోయ

మేస్త్రీ గారూ, జనరేటర్ పెట్టెలో ఫ్యాను, గాలి దారి అన్నీ కంపెనీలో లెక్క కట్టి పెడతారు. పడవకు వడ్రంగి కొట్టే పెట్టెలో అవేమీ ఉండవు. మాది జమ్మలమడుగు. మే నెల ఎండ గురించి నేను మీకు చెప్పాలా? నేను పని చేసిన పడవలో ప్లైవుడ్ పెట్టె కట్టి లోపలంతా థర్మాకోల్ అంటించారు. మోత తగ్గింది లేదు. పది రోజులకు పొగ గొట్టం మలుపు దగ్గర థర్మాకోల్ కరిగి జిగురులా కారి, పొగ లేచింది. పడవలో పిల్లలున్నారు. ఇసుక బకెట్ చేతికి అందబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి పెట్టె అంటే నాకు గుండె దడ.

గండికోట లోయలో రెండు పక్కలా రాతి గోడలు. కోట మీద నిలబడితే పడవ కనపడకముందే మోత వినపడుతుంది. అట్లాంటి చోట పొగ గొట్టమే ముఖ్యం. ఇంజన్‌ను చల్లబరిచి వచ్చే నీళ్లను గొట్టం మలుపు దాటాక పొగలోకి వదలండి. పొగ చల్లబడి కుంచించుకుంటుంది, మోత అక్కడే చచ్చిపోతుంది, పైపుకు కాల్చే వేడి కూడా ఉండదు.

అనంతపురం డీజిల్ మేస్త్రీ

నీళ్ల పద్ధతి మంచిదే, కాదనను. కానీ నీళ్లు కలిసే చోటు నది నీటి మట్టానికి బాగా పైన ఉండాలి, అక్కడి నుంచి గొట్టం కిందికి వాలాలి. లేకపోతే ఇంజన్ ఆపినప్పుడు నీళ్లు వెనక్కి పాకి సిలిండర్‌లో దిగుతాయి. నీళ్లు నలగవు కదా, మళ్లీ స్టార్ట్ చేసిన క్షణంలో కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ఇంకోటి చాలామందికి తెలియదు. ఇంజన్ అంటుకోక పదేపదే సెల్ఫ్ కొడుతుంటే పంపు నీళ్లు తోస్తూనే ఉంటుంది, వాటిని బయటికి నెట్టే పొగ మాత్రం ఉండదు. అలాంటప్పుడు నీళ్ల వాల్వు కట్టేసి సెల్ఫ్ కొట్టాలి, అంటుకున్న వెంటనే తెరవాలి. రేవులో ఈ పడవను నలుగురు నడుపుతారంటే ఈ జాగ్రత్త మీద నాకు నమ్మకం లేదు. పొడి గొట్టమే ఉంచి, దానికి గాజు నార తాడు గట్టిగా చుట్టడం మేలు.

థర్మాకోల్ మోతను ఆపదు, కోడిగుడ్ల అట్టలూ ఆపవు. మోతను ఆపేది బరువు. మందపు ప్లైవుడ్, దాని లోపల బరువైన రబ్బరు మ్యాట్, ఆ పైన గాజు ఉన్ని, దాన్ని పట్టి ఉంచడానికి రంధ్రాల రేకు. నురగ స్పాంజి వద్దు, డీజిల్ పీల్చుకుంటుంది, అంటుకుంటుంది. గాలి రావడానికీ పోవడానికీ వేర్వేరు దారులు, ఒక్కోదానికి రెండు మలుపులు, ఆ మలుపుల్లో ఉన్ని. గాలితో చల్లబడే ఇంజన్‌కైతే నేనూ పెట్టె కట్టమనను. ఈ అన్నది నీళ్ల ఇంజన్, ఇంజన్ ఒంటి వేడిలో చాలా భాగం నీళ్లతోనే పోతుంది.

పుట్టి ఇల్లు

రేవు పెద్దోళ్ల మాటకు నేను చెప్తా. మాది అవుకు. రిజర్వాయర్‌లో పుట్టేసుకుని వల వేసి బతికే ఇల్లు. మోత వినపడితే పడవ ఉందని తెలుస్తాది, నిజమే. యా పక్కనుంచి వస్తాండాదో తెలీదు. గాలి అటుపక్కకు కొడితే మీదికొచ్చేదాకా అదీ తెలీదు.

పోయినేడు తెల్లారకముందు వల తీస్తాంటే ఒక మరపడవ నేరుగా నా మీదికే వచ్చింది. తెడ్డు పైకెత్తి ఊపినా. గొంతు పోయేట్టు అరిచినా. నడిపేటోడు ఇంజన్ పక్కనే కూర్చుని ఉండాడు, తల కూడా తిప్పలా. వల తాడు పంకాకు చుట్టుకుని ఇంజన్ ఆగిపోయింది కాబట్టి నేను ఈ పొద్దు రాస్తాండా. నిశ్శబ్దమైనాక వాడు అడిగిన మొదటి మాట: అరవకూడదా అన్నా?

వాని మోత నన్ను కాపాడలేదు. నా గొంతు వానికి వినపడకుండా చేసింది. 2007లో మంచాలకట్ట పడవ మునిగి అరవై మంది పైన పోయిన నీళ్లు మీవి. నీళ్ల మీద పిలుపు వినపడటం ఎంత విలువైనదో మీకు ఇంకొకరు చెప్పాల్నా? హారన్ పెట్టుకోండి, చీకట్లో దీపం పెట్టుకోండి, ఇంజన్ నోరు మాత్రం మూయండి.

కర్నూలు కొండారెడ్డి బురుజు

ఇంత తిప్పలెందుకు, బ్యాటరీ మోటారు పెట్టేస్తే పోదా?

అనంతపురం డీజిల్ మేస్త్రీ

గండికోట మాదిరి ఒక చుట్టు తిప్పి తీసుకొచ్చే పడవలకు బాగుంటుంది. రోజంతా దాటించే పడవకు లెక్క చూడండి. లీటరు డీజిల్ నుంచి పంకా తిప్పే షాఫ్టుకు చేరేది సుమారు 3 యూనిట్ల కరెంటంత శక్తి. ఆ 3 యూనిట్లు మామూలు లెడ్ బ్యాటరీల్లో మోయాలంటే 90 కిలోల దాకా బరువు. ఈయన రోజుకు ఎన్ని లీటర్లు కాలుస్తాడో అడగండి.

ఇంకో మాట ఈ అన్నకు. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు ఎనిమిది గంటలు ఉండొచ్చంటారు. ఆపైన ప్రతి 3కూ ఆ సమయం సగమవుతుంది. 97 ఉంటే అరగంటే. మీరు ఇంతకాలం ఎన్ని గంటలు కూర్చున్నారో చూసుకుని, వీలైనంత త్వరగా చెవుల డాక్టర్‌కు చూపించుకోండి.

సంగమేశ్వరం రేవు

మూడు వారాలైంది, జరిగింది చెప్తా. ముందు మేస్త్రీ అన్న చెప్పిన పరీక్ష. నా సీటు దగ్గర ఫోను 97 చూపిస్తాండె. పొగ నోరు గట్టు మీదికి పెట్టినాక 96. అంటే సైలెన్సర్ మీద ఇంకో పైసా పెట్టి లాభం లేదు. అడుగు చెక్క మీద అరచేయి పెడితే మోచేయి దాకా జివ్వుమంటాంది. ఇంజన్ బోల్టులు నేరుగా దూలాల్లోకే దిగి ఉండాయి.

వాటి కింద రబ్బరు దిమ్మలు పెట్టించినా. ఇంజన్ ఊగుతాది కాబట్టి పొగ గొట్టం మొదట్లో ముడతల గొట్టం ముక్క వేయించినా, లేకుంటే పైపు పగులుతాదంట. షాఫ్టు కప్లింగు, అంటే ఇంజన్‌కు షాఫ్టు కలిసే చోటు, పడవ నీళ్లలో ఉన్నప్పుడే సరిచూసినాడు ఫిట్టరు. గట్టు మీద చూసి బిగిస్తే నీళ్లలోకి దిగినాక తేడా వస్తాదన్నాడు. దాంతో 92. అరచేతికి జివ్వు లేదు.

పెట్టె కట్టినాక 88కి వచ్చి నిలబడిపోయింది. ఇంతేనా అని దిగులుపడినా. చీకటి పడినాక లోపల బల్బు వెలిగించి బయటినుంచి చూస్తే గేరు కడ్డీ సందులోంచి వెలుతురు బెత్తెడు వెడల్పున కనపడింది. పాత లారీ ట్యూబు కోసి, నడుమ చీల్చి కొట్టినా. 85.

పెన్నా లోయ

తమ్ముడూ, మోత సంగతి సరే, వేడి సంగతి చెప్పు. నీళ్ల మీటరు ఎంత చూపిస్తోంది?

సంగమేశ్వరం రేవు

పెట్టె లేనప్పుడు 76 ఉండె అన్నా, ఇప్పుడు 81. గంట నడిపినాక పెట్టె లోపలి గాలి మాత్రం చేయి పెట్టలేనంత ఉడుకు. గాలి పోయే దారికి చిన్న ఫ్యాను పెట్టేదా, దారినే పెద్దది చేసేదా?

అనంతపురం డీజిల్ మేస్త్రీ

రెండూ. దారి పెట్టె పై అంచున ఉండాలి, ఫ్యాను లోపలి గాలిని బయటికి లాగాలి. ఇంజన్ ఆపినాక కూడా పది నిమిషాలు తిరగనివ్వండి, అసలు ఉడుకు అప్పుడే ఎక్కువ. పెన్నా లోయ అన్న చెప్పిన ఇసుక బకెట్‌తో పాటు పొడి మంటలార్పే సిలిండరు ఒకటి పెట్టె బయట, నడిపేవాడి చేతికందేలా కట్టుకోండి. వచ్చే మే నెల మధ్యాహ్నం పూట నీళ్ల వేడి మీటరు 90 దాటితే పైమూత తీసి నడపండి, ఇక్కడ నాకు రాయండి.