గోధుమ లెక్టిన్ వేస్తే కణమంతా వెలుగుతోంది, ఎక్కడ తప్పు?

పాలమూరు_స్లైడ్: మహబూబ్‌నగర్‌లో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్నా. ఎఫ్ఐటీసీ అనే పచ్చగా మెరిసే రంగు తగిలించిన గోధుమ లెక్టిన్ (డబ్ల్యూజీఏ, చక్కెరలను పట్టుకునే ప్రోటీన్) వాడుతున్నాం. కణం చుట్టూ సన్నటి గీతలా పొర కనిపించాలి కదా. నాకేమో లోపలంతా వెలుగే, కేంద్రకం చుట్టూ ఒక వలయం కూడా. సోమవారం మేడమ్‌కి చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

నల్లగొండ_ల్యాబ్: ట్రైటాన్ డిటర్జెంట్ ముందే వేశావా తమ్మీ?

పాలమూరు_స్లైడ్: వేశానన్నా. సీనియర్ ఇచ్చిన యాంటీబాడీ ప్రోటోకాల్‌నే ఫాలో అయ్యా. ఎక్కడపడితే అక్కడ అంటుకోకుండా 10 శాతం సీరమ్‌తో బ్లాకింగ్ కూడా చేశా.

నల్లగొండ_ల్యాబ్: రెండూ దెబ్బకొట్టాయి. ట్రైటాన్‌తో పొరకు చిల్లులు పడితే లెక్టిన్ లోపలికి పోయి గాల్జీని, కేంద్రక రంధ్రాల ప్రోటీన్లను పట్టుకుంటుంది. గోధుమ లెక్టిన్ పట్టుకునే చక్కెర (ఎన్-ఎసిటైల్ గ్లూకోసమైన్) వాటికీ ఉంటుంది. నీ వలయం అదే. ఇక సీరమ్ నిండా చక్కెర గొలుసుల ప్రోటీన్లే, లెక్టిన్ సగం అక్కడే ఖర్చయిపోతుంది. దాని బదులు బీఎస్ఏ (ఆవు రక్తంలోని అల్బుమిన్ ప్రోటీన్) వాడు. బతికున్న కణాలకే ఐస్ మీద లెక్టిన్ వేసి, కడిగి, ఆ తర్వాత ఫిక్స్ చెయ్. ఈ సీరమ్ సంగతి తెలియక నేను రెండు నెలలు పోగొట్టుకున్నా.

వనపర్తి_పల్లీ: వయల్‌ను వాడేముందు ఒకసారి సెంట్రిఫ్యూజ్ చెయ్, లేకపోతే ఉండలు చుక్కల్లా మెరుస్తాయి. నేను పల్లీ లెక్టిన్‌తో దున్నపోతు వీర్యకణాలు చూస్తా, ఆక్రోసోమ్ (వీర్యకణం తల ముందుండే సంచి) బాగుంటే తల మీద టోపీలా మెరుస్తుంది. మా నాయిన పల్లీ రైతే. ఒక్క మిల్లీగ్రాము ధర చెబితే నవ్వుకున్నాడు.

రక్తనిధి_టెక్నీషియన్: మాకు రంగులూ మైక్రోస్కోపులూ అక్కర్లేదు. ఉలవల లెక్టిన్ ఏ బ్లడ్ గ్రూపులోని ఏ1 రకం ఎర్రకణాలను గుంపు కట్టిస్తుంది, ఏ2ను కట్టించదు. కంటికే తెలిసిపోతుంది.

కల్వకుర్తి_కుర్రాడు: మా చేన్ల ఆముదాలున్నాయి, రుబ్బి లెక్టిన్ తీద్దామా?

నల్లగొండ_ల్యాబ్: ఆ జోలికి పోకు! అందులోది రిసిన్. 1888లో స్టిల్‌మార్క్ లెక్టిన్ల కథ మొదలుపెట్టింది దాంతోనే, కానీ ప్రాణాంతక విషం.

పాలమూరు_స్లైడ్: అన్నా, గీత వచ్చింది! లెక్టిన్‌కు అడ్డుపడేలా ఎన్-ఎసిటైల్ గ్లూకోసమైన్ కలిపిన కంట్రోల్ కూడా పెట్టా. వెలుగు బాగా తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

నల్లగొండ_ల్యాబ్: గోధుమ లెక్టిన్ సియాలిక్ ఆమ్లమనే ఇంకో చక్కెరనూ పట్టుకుంటుంది. పైగా ఆ ఒక్క చక్కెర కన్నా కైటిన్ ముక్కలు (అదే చక్కెర గొలుసుగా ఉన్నవి) బాగా అడ్డుపడతాయి. దొరికితే అవి పెట్టి చూడు.